లేపాక్షి మద్దెల - బొంబాయి మేళము
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమునకు సిద్ధపరుపబడిన ఉపన్యాస పాఠము)



హిందూపురమునకు తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండ సీమలో అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అచటి వీరభద్రాలయమును నిర్మింపజేసిరి. ఆ ఆలయపు నాట్యమంటపములో రంభ నర్తించుచుండగా బ్రహ్మదేవుడు మద్దెల వాయించుచున్నాడు. తుంబురుడు వీణ పట్టినాడు. మూడు కాళ్ల భృంగి నాట్యము చూపుచున్నాడు. చూడవచ్చిన వారందరు వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము దూర్చి చూచి సంతసించి వెడలిపోవుదురు. ఒక్క ప్రశ్నను మాత్రము వేసికొనువారు అరుదు. సృష్టికర్తయైన బ్రహ్మ చేతికి శిల్పి వీణ నీయక, వేణువు నీయక, మద్దెలనే ఏల ఇచ్చినాడు?

ఆ శిల్పి సమాధానము వ్రాసిపెట్టలేదు. కాని ఆ శిల్పమే ఒక సమాధానము. పాట మొదలుకాక పూర్వము కాలమును కొలుచువాడు ఒకడు కావలెను. కాలమును కొలుచువాడు సేవకుడు కాడు, సభకు ఆధారము. ఈనాటి ప్రసంగమునకు విషయమైనది ఒక సంగీత సంపుటము. అందు పరదేశపు గిటారు కలదు, తెలుగువాని మాండొలిన్ కలదు, వంగదేశీయుని గిటారు అతిథిగా వచ్చినది. అయినను వాటియన్నిటికిని కుదురై నిలిచినవి చర్మవాద్యములు. దానిపేరు "సాటర్‌డే నైట్ ఇన్ బాంబే", అనగా బొంబాయిలో ఒక శనివారపు రాత్రి. "రిమెంబర్ శక్తి" అను మేళమువారు 2000 సంవత్సరము డిసెంబరు మాసమున బొంబాయి నగరములో శ్రోతల సమక్షమున వాయించినది 2001లో వెలువడినది.

గ్రామ గ్రంథాలయమున పోతనను, వేమనను గూర్చి ముచ్చటింపక ఈ జాజ్ గొడవ ఏల యని పెద్దలు అడుగవచ్చును. అడుగదగినదే. ఆ సంపుటములోని నాలుగు అంశములలో ఒకటి త్యాగరాజస్వామివారి తెలుగు కృతి. అందు మాండొలిన్ వాయించినవాడు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున పుట్టిన తెలుగుబిడ్డ. కనుక ఇది పరుల ఇంటి గొడవ కాదు. తెలుగువారి ఆస్తి ఒకటి సముద్రములు దాటి తిరిగివచ్చినపుడు దానిని జమ కట్టవలెనా, ఖర్చు వ్రాయవలెనా అన్నదే విచారము.

మొదట జాజ్ అననేమో తెలియవలెను. అది అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్టణ ప్రాంతమున, 20వ శతాబ్ది తొలినాళ్లలో, నల్లజాతివారి నడుమ రూపుదిద్దుకొన్న సంగీతము. వారి పూర్వులు ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు. దక్షిణ కరోలినాలో 1739లో బానిసలు తిరుగబడగా, మరుసటి యేడు, 1740లో, చేసిన చట్టము వారు డోళ్లను కొమ్ములను ఉంచుకొనుటను నిషేధించినది. డోలు మ్రోగిన జనము కూడుదురు, కూడిన జనము తలయెత్తుదురు అన్న భయమే దానికి కారణము. న్యూ ఆర్లియన్స్‌లో మాత్రము ఆదివారము దినములలో కాంగో స్క్వేర్ అను మైదానమున వారు గుమిగూడి డోళ్లు వాయించి ఆడి పాడుకొనిరి. చేతిలోని డోలును లాగికొనవచ్చును గాని ఒంటిలోని లయను లాగికొనజాలరు. ఆ లయయే తరువాతి కాలమున పాశ్చాత్యుల బాకాలతోను, పియానోతోను కలిసి జాజ్ అయినది.

దాని నడక తెలుగువారికి పూర్తిగా క్రొత్తది కాదు. మొదట ఒక వరుసను అందరును కలిసి వాయింతురు. పిదప ఒక్కొక్కరు తమ వంతున, ఆ వరుసను ఆధారము చేసికొని, అప్పటికప్పుడు తోచినదానిని అల్లుదురు. చివరకు మరల మొదటి వరుసను చేరుదురు. కర్ణాటక సంగీత కచ్చేరిలో పల్లవి యెత్తుకొని, నెరవు చేసి, స్వరకల్పన చేసి, తని ఆవర్తనమున మృదంగము వానికి సభ నప్పగించి, తిరిగి పల్లవిని అందుకొనుట చూచినవారికి ఈ పద్ధతి తెలిసినదే. భేద మొకటి కలదు. భజనగోష్ఠిలో పదిమందియు ఒకే స్వరమును పలుకుదురు. పాశ్చాత్యుల గోష్ఠిలో ఒకడు ఒక స్వరమును, మరియొకడు దానికి పొసగు వేరొక స్వరమును ఏకకాలమున పలుకుదురు. ఆ కూడికయే వారికి సొగసు. కర్ణాటక సంగీతమునకు ఒక్క స్వరముయొక్క ఊగులాటయే, అనగా గమకమే, సొగసు. ఈ రెండు సొగసులను ఒక పాత్రలో పోసి కలుపుటనే ఫ్యూజన్ అందురు. కలిపినంతనే పాయస మగునని చెప్పజాలము, విరిగిపోవుటయు కలదు.

ఈ మేళమునకు మూలపురుషుడు జాన్ మెక్‌లాఫ్లిన్. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతమున డాంకాస్టర్ పట్టణములో 1942లో జన్మించెను. గిటారు విద్వాంసుడై అమెరికా చేరి, మైల్స్ డేవిస్ అను సుప్రసిద్ధ బాకా విద్వాంసుని రికార్డులలో వాయించెను. 1971లో "మహావిష్ణు ఆర్కెస్ట్రా" అను మేళమును స్థాపించెను. అంత కీర్తి చేతికందిన పిదప ఆయన చేసిన పని గమనింపదగినది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టర్ ఎస్. రామనాథన్ గారికడ శిష్యుడై వీణ అభ్యసించెను. పేరు వచ్చిన పిదప పలక పట్టి బడికి పోవువారు లోకమున ఎందరుందురు?

1975లో ఆయన ఎల్. శంకర్ అను వయొలిన్ విద్వాంసునితోను, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌తోను, ఘటము వాయించు టి. హెచ్. వినాయకరామ్‌తోను, మృదంగ విద్వాంసుడు రామనాడ్ రాఘవన్‌తోను కలిసి వాయించినది "శక్తి" అను పేర 1976లో రికార్డుగా వెలువడెను. ఆ కాలమున ఆయన తన గిటారును ప్రత్యేకముగా చేయించుకొనెను. మెట్ల నడుమనుండు కొయ్యను దోనెవలె తొలిపించెను. వీణమీద తీగను లాగి గమకము పలికించునట్లు గిటారు తీగను లాగుటకు అది వీలు కల్పించినది. మరియు శ్రుతికై ప్రక్కగా అదనపు తీగలను అమర్పించెను. పరుల సంగీతముతో కలియదలచినవాడు పరులనే మారుమనక, ముందు తన వాద్యమును మార్చుకొనెను. ఈ ఒక్క విషయము మరవరాదు. తరువాత దీనితో పని యున్నది.

ఆ మేళము కొంతకాలమునకు విడిపోయెను. ఇరువది యేండ్లకు, 1997లో, మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ మరల కలిసి, "శక్తిని స్మరింపుడు" అను భావముతో రిమెంబర్ శక్తి యని పేరు పెట్టిరి. అనతికాలమున అందులో చేరినవాడే మాండొలిన్ శ్రీనివాస్.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణ గారు వాద్యములు వాయించువారు. ఇంటనున్న మాండొలిన్‌ను బాలుడు పసితనముననే చేతబట్టెను. మాండొలిన్ ఇటలీదేశపు వాద్యము. పొట్టి మెడ, జంటజంటలుగా ఎనిమిది తీగలు. మీటగానే ధ్వని పుట్టి క్షణములో మాయమగును. గమకము ప్రాణముగా గల కర్ణాటక సంగీతమునకు ఇది పనికిరాదని పలువురు తలచిరి. గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని దానిని తీగలపై పలికించెడివాడు. వాద్యమునుండి కాక గాత్రమునుండి నేర్చుటచేతనే ఆ మాండొలిన్ పాడ నేర్చినది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను గైకొని, జంట తీగలను తీసివేసి, ఐదు ఒంటి తీగలను ఏర్పరచుకొనెను. గుడివాడలో 1978లో త్యాగరాజ ఉత్సవమున తొలి కచ్చేరి చేసెను. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, పశ్చిమ బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవమున కర్ణాటక సంగీతము వాయించి ఆ సభను మెప్పించెను. 1998లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది.

ఇక బొంబాయి కచ్చేరి. మూల మేళము నలుగురు: గిటారుతో మెక్‌లాఫ్లిన్, మాండొలిన్‌తో శ్రీనివాస్, తబలాతో జాకిర్ హుస్సేన్, కంజీరతో వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్. వీరికి అతిథులుగా వచ్చినవారు పలువురు. కలకత్తాకు చెందిన దేబాశిష్ భట్టాచార్య హిందుస్థానీ గిటారు వాయించెను. ఈ గిటారు ఒడిలో వెల్లకిల పరుండబెట్టబడును. వేళ్లతో మెట్లను నొక్కుటకు బదులు ఉక్కుకడ్డీని తీగలపై జార్చుదురు. హవాయి దీవుల పద్ధతి ఇది. దక్షిణాదిన గోటువాద్యమును చూచినవారికి ఇదేమియు వింత కాదు. శ్రీనివాస్ తమ్ముడు యు. రాజేశ్ రెండవ మాండొలిన్ వాయించెను. శివకుమార శర్మ గారు సంతూర్ వాయించిరి. శంకర్ మహదేవన్ పాడెను. లయవాద్యములకు శివమణి, తౌఫిక్ ఖురేషీ, భవానీశంకర్, తవిలుతో ఎ. కె. పళనివేల్ మొదలగువారు కూడిరి. తంత్రులవారికంటె తాళమువారే అధికులు. సామాన్యపు కచ్చేరిలో మృదంగమువాడు ప్రక్కన కూర్చుండును. ఇచట ప్రక్క యన్నదే లేదు.

నాలుగు అంశముల పేర్లు ఇవి: లూకి, శృంగార్, గిరిరాజసుధ, బెల్ అల్లా. ఇందు శృంగార్ అను దానిలో సంతూర్ మెల్లగా రాగమును విప్పుచుండ, గిటారు వినయముతో వెంట నడచును. తొందర లేదు, గొప్ప చూపవలెనను ఆరాటము లేదు. తెల్లవారుజామున చెరువుగట్టున ఇరువురు పెద్దలు మాటలాడుకొనుచు నడచుచున్నట్లుండును.

గిరిరాజసుధ యన్నది పేరు మారిన తెలుగు కృతియే. త్యాగరాజస్వామివారు (1767-1847) బంగాళ రాగమున, గణపతిని గూర్చి రచించిన "గిరిరాజసుతా తనయ" అదియే. పరదేశపు అట్టమీద "సుత" యన్నది "సుధ" యైనది. పర్వతరాజ పుత్రి అమృతముగా మారినది. కరణీకపు కన్నున్నవారికి ఇట్టి అక్షరదోషము వెంటనే తగులును. అయినను పాడినవాని నోట దోషము లేదు. తెలుగు తెలుగుగనే వినవచ్చును. ఒక్కసారి లెక్కింపుడు. భాష తెలుగు. రచించినది కావేరీ తీరమున తిరువయ్యారులో. పాడినవాడు బొంబాయిలో పెరిగిన తమిళుడు. తోడు నడచిన మాండొలిన్ గోదావరి మండలమువానిది. తబలా పంజాబు సంప్రదాయమునకు చెందిన మహమ్మదీయునిది. గిటారు ఆంగ్లేయునిది. అందరును గణపతికి చేయెత్తి మ్రొక్కినట్లే యుండును. పెనుకొండ బాబయ్యస్వామి దర్గాకు హిందువులును మహమ్మదీయులును కూడ పోవుదురని ఎరిగిన ఈ సీమవారికి ఇది ఆశ్చర్యము కాకూడదు.

ఇక లయ సంగతి. లయవాద్యమును విని తలయూపుదురు గాని దానిలోని లెక్కను గుర్తించువారు కొందరే. ఆదితాళమున ఎనిమిది అక్షరములు, అక్షరమునకు నాలుగేసి మాత్రలు, కలిపి 32. ఇప్పుడు వాద్యగాడు పది మాత్రల జతి నొకదానిని ఎన్నుకొనును. దానిని మూడుమార్లు పలికించును. నడుమ ఒక్కొక్క మాత్ర విరామము. పది, ఒకటి, పది, ఒకటి, పది, కూడిన 32. తరువాతి దెబ్బ సరిగా సమముమీద, అనగా తాళపు తొలి అక్షరముమీద, పడును. వినువానికి దారితప్పినట్లు తోచును. ఉన్నట్టుండి ఇల్లు చేరినట్లుండును. దీనినే ముక్తాయింపు అందురు. హిందుస్థానీవారు తిహాయి యందురు. సంవత్సరాంతమున జమయు ఖర్చును నిలువయు పైసతో సహా సరిపోయినపుడు లెక్క వ్రాసినవానికి కలుగు నెమ్మది ఎట్టిదో, ఆ చివరి దెబ్బనాడు కలుగు ఆనందము అట్టిది. ఆ సంపుటమున తబలా, కంజీర, తవిలు, శివమణి పళ్లెములు, డోళ్లు ఒకదానికొకటి ఇట్టి లెక్కలను విసరుకొని, అందుకొని, మరల ఒక్క చోటికి చేరుదురు. వేగము మహావేగము, అయినను ఒక్క పైసయు తేడా రాదు.

ఇట్లని లోపమే లేదని చెప్పుట ధర్మము కాదు. వేగమునకు ఒక మత్తు కలదు. కొన్ని చోట్ల చప్పట్లకొరకే పరుగు తీసినట్లు వినవచ్చును. రాగము ఊపిరి పీల్చుకొనుటకు తావు దొరకదు. కృతిలోని భక్తిభావముకంటె వాద్యముల చాతుర్యము ముందునకు వచ్చు ఘట్టములును కలవు. తంబురా మీటి త్యాగరాజకృతిని నిదానముగా పాడువారు, "ఏమి నాయనా, స్వామివారిని ఇంత పరుగెత్తించుట తగునా" యని అడిగినచో ఆ ప్రశ్నకు తావున్నది. దానిని కాదనరాదు.

కాని, కలుపుటయే పాపమన్నవారికి మాత్రము చరిత్ర సాక్ష్యము పలుకదు. నేడు వయొలిన్ లేక కర్ణాటక కచ్చేరి లేదు. అది ఐరోపావారి వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి ఈ సంగీతమున ప్రవేశపెట్టెను. పాండవోద్యోగ విజయములు ఆడిన రంగస్థలముమీద శ్రుతి నిలిపిన హార్మోనియము ఐరోపానుండి వచ్చినదే. మాండొలిన్ సంగతి పైన చెప్పబడినది. వచ్చినదెల్ల చెరుపు కాదు. వచ్చినదానిని పట్టినవాడు ఎవడన్నది ప్రధానము.

ఈ సీమలోనే ఒక నిదర్శనము కలదు. అనంతపురము జిల్లా చియ్యేడున 1914లో జన్మించి పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యముననే "పెనుగొండ లక్ష్మి" కావ్యమును రచించిరి. తరువాత తాము విద్వాన్ పరీక్షకు కూర్చున్నపుడు ఆ గ్రంథమే పాఠ్యమై యుండెనట. శ్రీవైష్ణవ కుటుంబమున పుట్టి, సంస్కృతమున ఆరితేరిన ఆయనకు ఆంగ్ల సాహిత్యపు రుచి చూపినది పెనుకొండలోనున్న పిట్ దొరసాని. షేక్స్‌పియరును ఆమెకడ చదివిన బాలుడు దొరబిడ్డ కాలేదు. పెరిగి పెద్దవాడై "శివతాండవము" రచించెను. ఆ కావ్యమును బిగ్గరగా చదివినవారికి పుటలలోనుండి మద్దెల మ్రోగును. తన ఇంటి పునాది గట్టిగానున్నవాడు కిటికీ తెరచిన గాలి వచ్చును. పునాది లేనివాడు తెరచిన ఇల్లే ఎగిరిపోవును. మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చి తన గిటారును తొలిపించుకొనుటయు, శ్రీనివాస్ గురుముఖమున పాటను నేర్చి మాండొలిన్‌ను లొంగదీసికొనుటయు ఈ ధర్మమునకే ఉదాహరణములు. కృషి లేక రెండు పాటలను అంటగట్టువారి పని వేరు.

ధర్మవరపు చేనేతవారికి ఈ సంగతి మరింత సులభముగా బోధపడును. పడుగు మగ్గమున బిగిసి యుండవలెను. అప్పుడే నాడె పేకను కొనిపోయి తెచ్చును. పడుగు వదులైనచో ఎంత మేలిరంగు పేకయైనను బట్ట నిలువదు. ఈ సంపుటమున లయ పడుగు, రాగములు పేక. గిటారు ఏ దేశపుదైనను, మాండొలిన్ ఏ దేశపుదైనను, తాళము బిగిసియుండుటచేతనే అది అతుకుల బొంత కాక చీరయైనది.

ఇచట అసలు ప్రశ్న ఎదురగుచున్నది. లయ కింతటి గౌరవము బొంబాయి సభలో దొరకినది. లేపాక్షి స్తంభమున శిల్పి దానిని బ్రహ్మ చేతికిచ్చినాడు. కాని ఊరిలో దానిని వాయించువాని స్థానమెక్కడ?

అనంతపురము సీమకు ప్రత్యేకమైనది ఉరుముల నృత్యము. ఉరుము మెడకు తగిలించుకొని పుల్లలతో వాయించు పెద్ద వాద్యము. దాని ధ్వని మేఘగర్జనను తలపించును. గ్రామదేవతల జాతరలలో అది లేనిదే దేవత కదలదు. తప్పెట లేక పెండ్లి లేదు, చావు లేదు. చెక్కభజనలో కాళ్ల అడుగులు, చేతి చెక్కలు కలిసి వేయు లెక్కలు పైన చెప్పిన పది-ఒకటి-పది లెక్కకు తీసిపోవు. కాని ఉరుమువాడు, తప్పెటవాడు ఎన్ని తరములు ఆలయ ప్రాకారమునకు వెలుపలనే నిలిచి వాయించినారో అందరును ఎరుగుదురు. దేవుని కదలించు ధ్వని లోపలికి పోయినది. దానిని పుట్టించిన చేయి వెలుపల నిలిచినది. అమెరికాలో చట్టముచేసి డోలును లాగికొనిరని విని నొచ్చుకొను మనసు, చట్టము లేకయే డోలును పట్టినవానిని దూరముంచిన లోకమును గూర్చియు నొచ్చుకొనవలెను. బ్రహ్మకు తగిన వాద్యము మనుష్యునికి అపవిత్ర మెట్లగును?

లెక్కలు వ్రాయువారి వంశముల పాలు ఇందు లేకపోలేదు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) చేయించిన సేకరణమునకు గ్రామ కరణముల దండకవిలెలు ఆధారములైనవి. అందుండియే ఈ సీమ గ్రామముల కైఫీయతులు వెలసినవి. ఏ చెరువు ఎవరు త్రవ్వించిరో, ఏ గుడికి ఎంత మాన్యమో, ఏ పాళెగాడు ఎప్పుడు దండెత్తెనో ఆ కవిలెలలో కలదు. వాయించువానికిచ్చిన మాన్యము లెక్కకెక్కినది గాని, వాడు వాయించిన జతి ఏ కవిలెలోను ఎక్కలేదు. నేల వ్రాయబడినది, నేలమీద మ్రోగినది వ్రాయబడలేదు. ఆ వ్రాయని పుట ఇప్పటికిని ఖాళీగనే యున్నది.

అది ఖాళీగ నుండుటవలన నష్టమెట్టిదో ఈ సంపుటమే చెప్పుచున్నది. మాండొలిన్ శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్లకే, చెన్నపట్టణమున కాలధర్మము నొందెను. శివకుమార శర్మ గారు 2022లో గతించిరి. శక్తి మేళము మరల కూడి 2023లో "దిస్ మొమెంట్" అను సంపుటమును వెలువరింపగా, 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమానము లభించెను. ఆ యేడాదియే డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ అమెరికాలో కన్నుమూసెను. ఆ రాత్రి బొంబాయి వేదికమీద కూర్చున్నవారిలో కొందరు ఇప్పుడు లేరు. అయినను పాలకొల్లు బాలుని మాండొలిన్ నేటికిని పలుకుచున్నది; ఆ తబలా నేటికిని సమము చేరుచున్నది. రికార్డు చేయబడుటచేత మృత్యువు వారి చేతులను కొనిపోయినది గాని చేతిపనిని కొనిపోలేదు. ఊరి ఉరుముకాడు గతించిన నాడు ఏమి మిగులును? మనుమనికి వచ్చినంత మిగులును. మనుమడు బెంగుళూరు రైలెక్కిన నాడు అదియు మిగులదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గమున నున్నవి. పొట్టకొరకు ఆ బండి నెక్కు యువకులను నిందించుట తగదు. కాని వారు ఎక్కకముందే వారి తాతల చేతిలోని విద్యను వ్రాసికొనుట గ్రంథాలయముల విధి. గ్రంథాలయ మనగా అచ్చుపడిన పుస్తకముల అర మాత్రమే కాదు. గ్రామమునకు తెలిసినదానిని నిలువజేయు కొట్టు. ఇందునకు మహాధనము అక్కరలేదు. నేడు ప్రతి యింటను చేతిఫోను కలదు. అందు ధ్వనియు దృశ్యమును పట్టు యంత్రము కలదు. జాతరనాడు, మొహర్రమునాడు, భజననాడు వాయించువారిని ముందుగా అనుమతి అడిగి, గౌరవముగ కూర్చుండబెట్టి, వారి పేరు, వారికి నేర్పినవారి పేరు, వాద్యపు పేరు, దెబ్బల పేర్లు, అవి వారు ఎట్లు నోట పలుకుదురో అట్లే వ్రాసి, ధ్వనితోకూడ భద్రపరచిన చాలును. వారి శ్రమకు తగిన సంభావన నిచ్చుట మరువరాదు. వెలుపల నిలబెట్టి వాయింపించినట్లు, వెలుపల నిలబెట్టి రికార్డు చేసిన అది మరియొక అన్యాయమే యగును.

విరూపణ్ణ కథ ఈ సందర్భమున తలపునకు వచ్చును. రాజధనమును అనుమతి లేక ఆలయమునకు వెచ్చించెనను నేరముపై శిక్ష పడగా, ఆయన తన కన్నులను తానే తీసి గోడకు విసరెనని లేపాక్షి స్థల ఐతిహ్యము. ఆ నాటి లెక్కలో అది దుర్వ్యయము. నేడు ఆ రాజుగారి బొక్కసము లేదు, లెక్కల కవిలెలు లేవు. దుర్వ్యయమని వ్రాయబడిన ఆ రాతిమద్దెల మాత్రము నిలిచియున్నది. కళకు పెట్టిన ఖర్చు ఏ యేటి పద్దులో చూచినను వ్యర్థముగనే కనబడును. నూరేండ్ల పద్దులో చూచినపుడే దాని నిలువ తేలును. పాలకవర్గమువారు ఈ మాటను సంవత్సరపు ఆయవ్యయ పట్టిక చూచునపుడు తలచుకొందురు గాక.

ఈ ప్రసంగముయొక్క సారాంశ మిది. బొంబాయి సంపుటమును సంపాదించి గ్రంథాలయమున అందరును కూడి వినుడు. త్యాగరాజకృతిని మొదట సంప్రదాయ గాయకుల నోట విని, పిదప ఈ మేళమున వినుడు. నచ్చిన నచ్చెననుడు, నచ్చకున్న ఎందుకు నచ్చలేదో చెప్పుడు. విని నిరాకరించుట వివేకము. వినక నిరాకరించుట సోమరితనము. అటుపిమ్మట ఊరి ఉరుమువారిని, తప్పెటవారిని, చెక్కభజనవారిని గ్రంథాలయమునకు పిలిచి, ముందువరుసలోని బల్లలమీద కూర్చుండబెట్టి, ఆ తబలా, కంజీరల సంవాదమును వారికి వినిపింపుడు. వారు దానిని విని ఏమందురో వ్రాసికొనుడు. సంగీతశాస్త్రపు పెద్ద గ్రంథములలో లేని మాట ఒకటి వారి నోట రావచ్చును.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము చదువువారి కన్నులకు పని కల్పించినది. రాబోవు ఇరువదియైదేండ్లు చెవులకును పని కల్పించుగాక. లేపాక్షి బ్రహ్మ చేతిలోని మద్దెల నాలుగు వందల యేండ్లకు పైగా చప్పుడు లేక మ్రోగుచున్నది. ఊరిలో చప్పుడుతో మ్రోగుచున్న ఉరుము నిలిచిపోకుండుగాక.

స్వస్తి.